పెడల్ ఏ తీరున దిగుతోందో ముందు చూడండి

సభకు నమస్కారం.

పాత కారులో బ్రేకు పెడల్ మెత్తబడిందనగానే అందరికీ ముందుగా తోచేది ఎయిర్ తీయించడం, అంటే బ్రేకు పైపుల్లో చేరిన గాలిని బయటికి పంపించడం. తీయించిన రోజు పెడల్ కాస్త బిగువుగా అనిపిస్తుంది కూడా, కానీ కొన్నాళ్లకే చాలా బళ్లలో పరిస్థితి మళ్లీ మొదటికి వస్తుంది. పైపుల్లోకి గాలి ఊరికే చేరదు. ఎక్కడో దారి దొరికితేనే చేరుతుంది, లేదంటే ఆ మెత్తదనానికి గాలి కారణమే కాదు. అందుకే ఎయిర్ తీయడాన్ని నేను మరమ్మతులో చివరి పనిగా భావిస్తాను. స్పానర్ పట్టుకోకముందే పెడల్ ఏ తీరున దిగుతోందో కాలితో గుర్తుపట్టాలని, లోపం ఎక్కడుందో ఆ తీరే చాలావరకు చెబుతుందని వివరించడానికే మీ ముందుకు వచ్చాను. ఈ పరీక్షలన్నీ బండిని సమతలం మీద నిలిపి, చక్రాలకు అడ్డు పెట్టి చేయవలసినవి. పెడల్ మెత్తబడిన బండిని నెమ్మదిగా నడిపితే పరవాలేదనుకుని రోడ్డెక్కించడం ఎంతమాత్రం తగదు.

బ్రేకు ఆయిల్ ద్రవం కనుక నొక్కినంత మాత్రాన కుదించుకుపోదు. పెడల్ ఉండవలసిన దానికంటే కిందికి వెళుతోందంటే ఆ అదనపు కదలిక ఎక్కడో ఖర్చవుతోందన్నమాట. ఆయిల్‌లో చేరిన గాలి కుదించుకుపోతూ ఉండవచ్చు, పాతబడిన రబ్బరు హోసు ఉబ్బుతూ ఉండవచ్చు, ఆయిల్ బయటికి కారుతూ ఉండవచ్చు, పెడల్ తొక్కినప్పుడు ఆయిల్‌ను పైపుల్లోకి నెట్టే మాస్టర్ సిలిండర్ లోపల రబ్బరు వాషరును దాటి వెనక్కి జారుతూ ఉండవచ్చు, లేదా చక్రంతో పాటు తిరిగే డ్రమ్మును లోపలి నుంచి ఒరిసి ఆపే బ్రేకు షూలు దానికి దూరంగా ఉండి ఆ ఖాళీని పూడ్చడానికే పెడల్ సగం దూరం దిగుతూ ఉండవచ్చు.

ఇంజిన్ ఆపి, పెడల్‌ను ఐదారుసార్లు తొక్కి, బూస్టరులో, అంటే వాక్యూమ్ సాయంతో కాలి బలాన్ని పెంచే భాగంలో, మిగిలిన వాక్యూమ్‌ను ఖాళీ చేయండి. ఆ తర్వాత ఒకసారి నిదానంగా తొక్కి పట్టుకోండి. కాలి కింద స్ప్రింగు ఉన్నట్టు పెడల్ ఊగుతుంటే గాలిని, హోసులను అనుమానించాలి. పెడల్ లోతుగా వెళ్లినా చివర గట్టిగానే ఆగి, వెంటనే రెండోసారి తొక్కితే పైకి వస్తుంటే చాలావరకు అది షూల సర్దుబాటు లోపం. వెనక డ్రమ్ములున్న బండిలో దీన్ని తేల్చుకోవడానికి ఒక సులువైన మార్గం ఉంది: హ్యాండ్ బ్రేకు కొన్ని పళ్లు లాగి మళ్లీ తొక్కినప్పుడు పెడల్ స్పష్టంగా పైకి వస్తే, వెనక షూలకూ డ్రమ్ముకూ మధ్య ఖాళీ పెరిగిందని అర్థం. మలుపులు తిరిగి వచ్చాక మొదటి తొక్కుడే లోతుగా పోతుంటే మాత్రం చక్రం బేరింగు వదులును చూడాలి, ఎందుకంటే ఊగే డిస్కు తనను రెండు వైపులా నొక్కి ఆపే ప్యాడ్లను వెనక్కి నెట్టేస్తుంది.

ఇక అసలు ప్రమాదకరమైన తీరు, పెడల్ ముందు నిలబడి తర్వాత మెల్లగా నేల వైపు దిగిపోవడం. దీన్ని పరీక్షించేటప్పుడు అందరూ బలమంతా పెట్టి తొక్కుతారు, పెడల్ నిలబడుతుంది, బ్రేకు బాగానే ఉందని తేల్చేస్తారు. మాస్టర్ సిలిండర్ లోపలి వాషరు అంచు ఆయిల్ ఒత్తిడికే విచ్చుకుని సిలిండర్ గోడకు హత్తుకుంటుంది. గట్టిగా తొక్కితే అరిగిన అంచు కూడా కొంతసేపు హత్తుకుని నిలుస్తుంది, తేలికగా తొక్కితే అంత ఒత్తిడి లేక ఆయిల్ దాని పక్కనుంచి జారుతుంది. కాబట్టి ఇంజిన్ ఆపి ఉంచి, సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు పెట్టేంత బరువు మాత్రమే పాదంతో వేసి, నిమిషం పాటు కదలకుండా ఉంచండి. పెడల్ కొద్దికొద్దిగా దిగుతూ ఉండి, మాస్టర్ సిలిండర్‌కు ఆయిల్ అందించే డబ్బాలో మట్టం తగ్గకుండా, చక్రాల దగ్గర తడి లేకుండా ఉంటే లోపం మాస్టర్ సిలిండర్‌లోనే ఉందని దాదాపుగా నమ్మవచ్చు. లోపల జారిన ఆయిల్ తిరిగి డబ్బాలోకే చేరుతుంది కనుక నేల మీద ఒక్క చుక్క కూడా కనిపించదు. అదే స్థితిలో పాదం తీయకుండా ఇంజిన్ స్టార్ట్ చేస్తే పెడల్ కొంచెం దిగి ఆగుతుంది. అది బూస్టరు పనిచేస్తోందనడానికి గుర్తు, లోపం కాదు.

ఆయిల్ మట్టం తగ్గుతుంటే దారి వేరు. ప్యాడ్లు అరిగే కొద్దీ మట్టం నెమ్మదిగా తగ్గడం సహజమే, కానీ రోజుల్లోనే తగ్గితే ఎక్కడో కారుతోంది. డ్రమ్ము విప్పి, షూలను డ్రమ్ముకు నెట్టే వీల్ సిలిండర్ చివరనున్న రబ్బరు తొడుగు అంచును చిన్న స్క్రూడ్రైవర్‌తో మెల్లగా ఎత్తి చూడండి. లోపల పొడిగా ఉండాలి. ఆయిల్ బయటికి జారితే ఆ సిలిండర్ పని అయిపోయినట్టే, తడిసిన లైనింగునూ మార్చాలి. చక్రాల దగ్గర ఏమీ కనిపించకపోతే మాస్టర్ సిలిండర్‌ను బూస్టరు నుంచి కాస్త ముందుకు లాగి వెనక భాగం చూడాలి. వెనక వాషరు పోయినప్పుడు ఆయిల్ బూస్టరులోకి చేరి అక్కడే నిలుస్తుంది కాబట్టి ఈ లీకును ఎంత వెతికినా పట్టుకోలేని బళ్లుంటాయి.

ఉదయం బాగుండి, పొడవైన దిగుడు రోడ్డులో మెత్తబడి, చల్లారాక మామూలైపోయే పెడల్‌కు కారణం చాలాసార్లు పాత ఆయిలే. మామూలు బ్రేకు ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3, డాట్ 4 అనేవి బ్రేకు ఆయిల్ రకాలు. డాట్ 3 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదన్నది ప్రమాణం. దాదాపు 3.7 శాతం నీరు చేరిన స్థితికి ఆ కనీస పరిమితి 140 మాత్రమే. డాట్ 4కు ఇవి 230, 155. మరిగిన ఆయిల్‌లో పుట్టే ఆవిరి గాలి లాగే కుదించుకుపోతుంది.

ఇంకా సందేహం మిగిలితే ఒక్కో భాగాన్నీ విడదీసి చూడాలి. మాస్టర్ సిలిండర్ నుంచి పైపులు విప్పి, ఆ రంధ్రాలను సరైన మరలున్న బిరడాలతో మూసి, లోపలి గాలి తీసేశాక తొక్కితే పెడల్ రాయిలా నిలవాలి. అప్పుడు కూడా దిగితే తప్పు సిలిండర్‌దే, నిలిస్తే తప్పు కింది భాగాల్లో ఉంది. హోసులను ఒక్కొక్కటిగా బిగించి వెతకడం రెండో పద్ధతి, కానీ అందుకు గుండ్రని దవడలున్న క్లాంపులే వాడాలి. పాత రబ్బరును కటింగ్ ప్లయర్‌తో నొక్కితే లోపలి పొర చిట్లుతుంది.

ఎయిర్ తీసే పని ఇప్పుడు వస్తుంది. ఏళ్ల తరబడి నడిచిన సిలిండర్‌లో వాషరు తిరిగిన మేర నున్నగా ఉంటుంది, అంతకు లోతున తుప్పు, మడ్డి పేరుకుంటాయి. ఎయిర్ తీస్తూ పెడల్‌ను నేలదాకా తొక్కితే వాషరు ఆ గరుకు భాగం మీదికి వెళ్లి చిరుగుతుంది. బాగున్న మాస్టర్ సిలిండర్లు మరమ్మతు రోజే పాడవడానికి ఇదొక ముఖ్య కారణం, కాబట్టి పెడల్ కింద చెక్క ముక్క ఒకటి పెట్టి ప్రయాణాన్ని పరిమితం చేయండి. ఎంత తీసినా మెత్తదనం పోకపోతే డిస్కు మీద ప్యాడ్లను నొక్కే క్యాలిపర్లకున్న నిపుల్స్, అంటే గాలి బయటికి వదిలే చిన్న మరలు, చూడండి. అవి పై వైపున ఉండాలి. కుడి ఎడమలు తారుమారై కిందికి వచ్చాయంటే పైన చిక్కిన గాలికి బయటికి దారే ఉండదు. ఏ చక్రంతో మొదలుపెట్టాలన్నది బండిని బట్టి మారుతుంది కాబట్టి తయారీదారు పుస్తకాన్ని అనుసరించండి. సీలు తీయని కొత్త డబ్బాలోని ఆయిల్‌నే పోయండి. ఇంజిన్ ఆయిల్ అంటిన గరాటును దగ్గరికి రానివ్వకండి, ఆ కాస్త ఆయిల్‌కే బ్రేకుల్లోని రబ్బరు ఉబ్బిపోతుంది.

పని ముగిశాక తేలిక బరువుతో నిమిషం, గట్టిగా మరో నిమిషం పెడల్‌ను పట్టి చూసి, ఆయిల్ మట్టానికి డబ్బా మీద గీత పెట్టి, ఖాళీ స్థలంలో నడక వేగంతో పలుమార్లు ఆపి చూడండి. మర్నాడు ఉదయం ఆ గీతను, నిపుల్స్‌ను, తొడుగులను మళ్లీ పరిశీలించి, అన్నీ పొడిగా ఉన్నాయని రూఢి అయ్యాకే బండిని రద్దీలోకి తీసుకెళ్లండి.