వరుసగా చదివే అలవాటు

శ్రోతలందరికీ నమస్కారం.

బైబిలు పఠనం గురించి మాట్లాడేటప్పుడు భక్తి, ఆసక్తి, ఆత్మీయ దాహం వంటి పెద్ద మాటలు వస్తాయి. ఈరోజు నేను కృతజ్ఞత చెప్పుకోవాలనుకుంటున్నది అంత గొప్పగా వినిపించని ఒకదానికి. అది అలవాటు. మనసు కుదిరినా కుదరకపోయినా, నిన్న ఎక్కడ ఆపామో అక్కడి నుంచి ఈరోజు మొదలుపెట్టే ఉత్త అలవాటు.

ఆసక్తినే నమ్ముకుని ఉంటే నా బైబిలులో సువార్తల పేజీలు, కొన్ని కీర్తనల పేజీలు నలిగిపోయి, మిగతావన్నీ కొన్న నాటిలాగే ఉండేవి. నచ్చిన చోటికే మళ్లీ మళ్లీ వెళ్తాం, అది సహజం. వరుసగా చదవడం వల్ల మాత్రం, నా ఇష్టానికి వదిలేస్తే ఎప్పటికీ తెరవని పేజీలకు నేను వెళ్లాను.

యిర్మీయా గ్రంథం 29వ అధ్యాయం 11వ వచనాన్నే చూడండి. దేవుడు తన ప్రజల మేలు కోరే ఉద్దేశాలు కలిగి ఉన్నాడని, వారికి నిరీక్షణ ఇస్తాడని చెప్పే వచనం. వాగ్దానపు కార్డుల మీద, శుభాకాంక్షల్లో ఇది తప్పకుండా కనిపిస్తుంది. అయితే ముందురోజు 28వ అధ్యాయం చదివి వచ్చినవారికి ఇది వేరుగా వినిపిస్తుంది. అక్కడ హనన్యా అనే ప్రవక్త రెండేళ్లలో అంతా సర్దుకుంటుందని, బబులోనుకు చెరపట్టబడినవారు తిరిగి వచ్చేస్తారని జనం ముందు ప్రకటిస్తాడు. బబులోనుకు లోబడక తప్పదనడానికి గుర్తుగా యిర్మీయా ప్రవక్త మెడ మీద వేసుకున్న కాడిని తీసి విరిచేస్తాడు కూడా. వినడానికి ఎంత బాగుంటుందో! ఆ తర్వాతి అధ్యాయంలో చెరలో ఉన్నవారికి యిర్మీయా ఉత్తరం వెళ్తుంది. ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి, పిల్లలకు పెళ్లిళ్లు చేయండి, మీరున్న ఆ పట్టణం క్షేమం కోసం ప్రార్థించండి అని. 10వ వచనం గడువు చెబుతుంది: 70 సంవత్సరాలు. అంటే ఆ ఉత్తరం విన్న పెద్దవాళ్లలో చాలామంది తిరుగు ప్రయాణం చూడరు. మన కార్డుల మీది 11వ వచనం దీని తర్వాతే వస్తుంది. కార్డు మీద అది తియ్యగా ఉంటుంది; తన చోట అది బరువుగా ఉంటుంది. ఆ బరువు నాకు మరింత ధైర్యమిచ్చింది.

ఇక పేర్ల జాబితాలు. వాటిని దాటేయాలని ఎవరికి అనిపించదు? సంఖ్యాకాండము 26వ అధ్యాయం జనాభా లెక్క. గోత్రాలు, వంశాలు, వేలు, వందలు. ఆ వరుసలో 33వ వచనం దగ్గర సెలోపెహాదు అనే ఆయనకు కుమారులు లేరని, కుమార్తెలే ఉన్నారని చెప్పి వారి పేర్లు ఇస్తుంది: మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా. ఎక్కువగా పురుషుల పేర్లే నడిచే లెక్కలో ఐదుగురు అక్కచెల్లెళ్ల పేర్లు ఎందుకొచ్చాయి? తర్వాతి అధ్యాయంలో ఆ ఐదుగురూ మోషే ఎదుట, యాజకుని ఎదుట, సమాజమంతటి ఎదుట నిలబడి, కుమారులు లేనంత మాత్రాన మా తండ్రి పేరు ఎందుకు మాసిపోవాలి, మాకూ స్వాస్థ్యం, అంటే వారసత్వంగా వచ్చే భూమి, ఇవ్వండి అని అడుగుతారు. మోషే ఆ సంగతిని దేవుని ముందు పెడతాడు. వారు చెప్పింది న్యాయమే అన్నది వచ్చిన జవాబు. చివరికి యెహోషువ 17వ అధ్యాయంలో వారి భూమి వారికి దక్కుతుంది. జాబితాను దాటేసినవారికి కూడా ఈ కథ తెలియవచ్చు. కానీ విసుగుతో లెక్కలు చదువుతూ ఉండగా హఠాత్తుగా ఆ పేర్లు ఎదురుపడడంలోని సంతోషం వేరు.

అన్నిటికంటే ఎక్కువగా నేను రుణపడింది 88వ కీర్తన విషయంలో. బాధతో మొదలయ్యే కీర్తనలు చాలావరకు ముగిసేలోగా ఎక్కడో ఒకచోట నమ్మకం వైపు మళ్లుతాయి. ఇది మళ్లదు. స్నేహితులు దూరమయ్యారని, చీకటే తనకు చుట్టమైందని చెప్పి ఆగిపోతుంది. ఓదార్పు మాట ఒక్కటీ ఉండదు. అయినా దాన్ని ఎవరూ తీసేయలేదు, చివర ఒక మంచి వాక్యం అతికించలేదు. ఇంట్లో అందరూ కులాసాగా ఉన్న రోజున, కేవలం వరుసలో వచ్చింది గనుక నేను దాన్ని చదివాను. ఆ రోజు అది నాకు ఏమీ చెప్పలేదు. చాలాకాలం తర్వాత, దగ్గరివారిని పోగొట్టుకున్నప్పుడు, ఎవరి ఓదార్పూ వినే స్థితిలో లేనప్పుడు, నేరుగా ఆ పేజీకే వెళ్లగలిగాను. దుఃఖంలో ఉన్న మనిషికి వెతుక్కునే ఓపిక ఉండదు. ఎక్కడుందో ముందే తెలిసి ఉండాలి.

అలవాటు యాంత్రికమైపోదా అని కొందరు అడుగుతారు. పోతుంది. అందులో దాచేదేమీ లేదు. స్కాట్లండులోని డండీలో రాబర్ట్ మర్రే మెక్‌షేన్ అనే యువ పాస్టరు తన సంఘం కోసం 1842లో ఒక పఠన పట్టిక తయారుచేశాడు. ఏడాదిలో పాత నిబంధన ఒకసారి, కొత్త నిబంధన, కీర్తనలు రెండుసార్లు పూర్తయ్యేలా కూర్చాడు. ఇప్పటికీ ఎంతోమంది వాడుతున్నారు. ఆయనలో నాకు నచ్చింది ఏమిటంటే, పట్టికతో పాటే దాని ప్రమాదాలనూ రాసిపెట్టాడు. మొక్కుబడిగా మారడం, చదివేశామన్న గర్వం, అజాగ్రత్తగా కళ్లు పరుగెత్తించడం, మోయలేని కాడిగా తయారవడం. తన సరుకులోని లోపాలను తానే చెప్పే మనిషిని నమ్మబుద్ధవుతుంది. మరుసటి ఏడు మార్చిలో, 29 ఏళ్లకే ఆయన కన్నుమూశాడు.

కాడి బరువెక్కకుండా నేను పాటించేది ఒక్కటే: ఒక రోజు తప్పితే ఆ బాకీ తీర్చను. మరునాడు ఆగిన చోటి నుంచే కదులుతాను. ఏడాదికి పూర్తికాకపోతే పదిహేను నెలలకు అవుతుంది, అడిగేవారెవరు?

66 పుస్తకాల బైబిలులో 1189 అధ్యాయాలున్నాయి. రోజుకు నాలుగు చొప్పున చదివితే పది నెలల్లోపే ముగుస్తుంది. అది ఎక్కువ అనిపిస్తే కొత్త నిబంధన ఒక్కటీ 260 అధ్యాయాలు. వారానికి ఐదు రోజులు, రోజుకొక అధ్యాయం చదివి రెండు రోజులు విశ్రాంతి తీసుకున్నా 52 వారాల్లో సరిగ్గా సరిపోతుంది. ఇప్పటివరకు ఎక్కడా మొదలుపెట్టనివారు మార్కు సువార్త తెరవండి. ఉన్నవి 16 అధ్యాయాలే, కథ పరుగెడుతుంది. బలులు, నియమాలతో నిండిన లేవీయకాండము సంగతి తర్వాత చూసుకోవచ్చు, అది ఎక్కడికీ పోదు. సెలవు.