బీరువా అద్దం మీద బొట్టుబిళ్లలు

(విజయవాడలో నా స్వీయచిత్రాల ప్రదర్శన మొదలైన రోజు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. ముందు వరసలో కూర్చున్న పెద్దలకీ, కాలేజీ నుంచి బ్యాగులతో సరాసరి ఇక్కడికి వచ్చేసిన అమ్మాయిలకీ మరీ మరీ.

ఈ గోడల మీద ఉన్న పదకొండు బొమ్మల్లోనూ నేనే ఉన్నాను. "ఎప్పుడూ నీ మొహమేనా, వేరే ఎవరూ దొరకలేదా?" అని మా పిన్ని అడిగింది. న్యాయమైన ప్రశ్నే. జవాబు చెప్పాలంటే నా ఆపరేషన్ సంగతి చెప్పాలి.

39వ ఏట నాకు గర్భసంచి తీసేశారు. లోపల గడ్డలు, ఆగని బ్లీడింగ్. మందులు పనిచేయలేదు, తీయక తప్పలేదు. చూడ్డానికి వచ్చినవాళ్లందరిదీ ఒకటే మాట: "ఇద్దరు పిల్లలు పుట్టేశారుగా, ఇంక దాంతో పనేముంది?" ఓదార్పుగానే అన్నారు. కానీ ఆ మాట విన్నాక నేను ఎవరి ముందూ ఏడవలేకపోయాను.

2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో ఈ ఆపరేషన్ అయినవాళ్లు దేశం మొత్తం మీద నూటికి ముగ్గురు. మన ఆంధ్రలో దాదాపు తొమ్మిది మంది. ఈ హాల్లోనే ఎంతమందిమి ఉన్నామో! అయినా దీని మీద మన దగ్గర వేసిన బొమ్మ ఒక్కటీ నా కంటపడలేదు.

అప్పుడు గుర్తొచ్చింది మెక్సికో చిత్రకారిణి ఫ్రీదా కాలో. 1925లో, 18 ఏళ్ల వయసులో, బస్సు ప్రమాదంలో ఆమె ఒళ్లంతా నుజ్జయింది. మంచం మీద నుంచి కదలలేని ఆ రోజుల్లో పైన బిగించిన అద్దంలో చూసుకుంటూ తన బొమ్మ తనే వేసుకుంది. 1932లో గర్భం పోయినప్పుడు, ఆ బాధని కూడా ఒక చిన్న రేకు మీద వేసింది. రక్తంతో తడిసిన పక్క, కంట్లో నీటి బొట్టు, చేతిలో ఎర్రటి తాళ్లు. ఒక తాడు చివర పుట్టని బిడ్డ. ఇలాంటివి కూడా వెయ్యొచ్చన్నమాట అనుకున్నాను.

నాకున్న అద్దం మా బీరువా అద్దం. దాని అంచున అమ్మ అంటించిన బొట్టుబిళ్లలు ఏడు. ఎర్రవి, మెరూన్‌వి, ఒకటి సగం ఊడింది. నాన్న పోయాక అమ్మ బొట్టు తీసేసింది గానీ అవి మాత్రం అలాగే ఉండిపోయాయి. కుర్చీలో కూర్చుని చూస్తే నా జుట్టులో చిక్కుకున్నట్టు కనపడేవి.

మొదటి బొమ్మలో వాటిని వదిలేశాను. ఒంటి రంగు కూడా కాస్త తెల్లగా వేశాను. కళ్ల కింద నలుపు మెత్తగా కప్పేశాను. పూర్తయ్యాక చూస్తే ఎవరో క్యాలెండర్ అమ్మాయి! మళ్లీ మొదలుపెట్టాను. కంటి కింది నీడకి నల్లరంగు వాడలేదు, చచ్చిపోయినట్టు ఉంటుందని. ముదురు నీలం అల్ట్రామెరీన్ బ్లూలో ముదురు గోధుమరంగు బర్న్ట్ అంబర్ కలిపాను. కొంచెం ఊదా వచ్చింది. అది సరిపోలేదు, కొంచెం ఎల్లో ఓకర్, అంటే మట్టి పసుపు, కలిపాను. ఆ ఒక్క నీడకే గంటన్నర పట్టింది. ఆ గంటన్నరా నా మొహాన్ని జాలి పడకుండా, విసుక్కోకుండా చూశాను. పెళ్లయ్యాక అంతసేపు నన్ను నేను చూసుకున్నది అదే మొదటిసారి. చూస్తుండగానే ఏడుపొచ్చింది. చేతిలో కుంచె ఉంది కదా, ఆపలేదు.

ఇక్కడ ఒకటి గట్టిగా చెప్పాలి. బొమ్మలు వేస్తే అన్నీ నయమైపోతాయని నేను అనను. నిద్ర పట్టక, డిప్రెషన్‌తో నేను డాక్టర్ దగ్గరికి వెళ్లాను, మాత్రలూ వేసుకున్నాను. మీకు అవసరమైతే మీరూ వెళ్లండి, సిగ్గుపడకండి. బొమ్మ నాకు చేసిన మేలు వేరు. ఎవరికీ చెప్పుకోలేనిదాన్ని పెట్టుకోవడానికి ఒక చోటు దొరికింది.

రెండో బొమ్మలో ఏడు చుక్కలూ ఉన్నాయి. అమ్మ దాని ముందు చాలాసేపు నిలబడి, "ఇవి నావే కదే" అంది. ఆపరేషన్ గురించి ఏమీ అనలేదు. నా తల నిమిరి, "నన్ను కూడా వెయ్యవే" అంది.

ఇప్పుడు ఆదివారాలు అమ్మని కూర్చోబెట్టి వేస్తున్నాను. బొట్టుతో వెయ్యనా, లేకుండా వెయ్యనా అని అడగడానికి నాకు నోరు రాలేదు. నుదురు వరకూ వచ్చి ఆగిపోయాను. అమ్మే చెప్పింది: "ఎర్రది పెట్టు. పెద్దది."

ఆ బొమ్మ ఇంకా తడి ఆరలేదు. అందుకే ఇక్కడికి తేలేదు.