కొత్త పన్ను మొలుస్తుందా డాక్టర్ గారూ?

(విజయవాడ స్టూడియో నుంచి ప్రసారమైన దంత వైద్య ఫోన్-ఇన్‌లో కొంత భాగం. ఫోన్ చేసినవారి పేర్లు తీసేశాం.)

యాంకర్: తర్వాతి కాల్ తెనాలి నుంచి. అమ్మా, మీ టీవీ సౌండ్ తగ్గించి మాట్లాడండి.

తెనాలి కాలర్: నమస్తే డాక్టర్ గారూ. మా బాబుకి ఎనిమిదేళ్లు. పోయిన వేసవిలో సైకిల్ మీంచి పడితే పై ముందు పన్ను సగం విరిగింది. నొప్పి లేదంటే వదిలేశాం. ఇప్పుడు చిగురు మీద పొక్కులా వచ్చింది.

డాక్టర్: నొక్కితే చీము వస్తుందా? పన్ను రంగు మారిందా?

తెనాలి కాలర్: చీము వస్తుందండి. పన్ను బూడిద రంగుకి తిరిగింది. ఇక్కడి డాక్టర్ గారు ఎక్స్‌రే తీసి, వేరు పూర్తిగా తయారవలేదు, మామూలు రూట్ కెనాల్ కుదరదు, స్కాఫోల్డ్ పద్ధతిలో చూద్దాం అన్నారు. మాకేమీ అర్థం కాలేదు, ఒకటే టెన్షన్. మా అత్తగారేమో పీకించెయ్యమంటున్నారు.

డాక్టర్: పీకించకండమ్మా. ఆయన సరిగ్గానే చెప్పారు. ఆ పన్ను ఏడెనిమిదేళ్లకి బయటికొస్తుంది గానీ, వేరు పూర్తయ్యేసరికి పదేళ్లు నిండుతాయి. మీవాడికి దెబ్బ తగిలేటప్పటికి వేరు సగంలో ఉంది. గోడలు పల్చన, చివర ఇంకా తెరిచే ఉంటుంది. లోపలి పల్ప్, అంటే నరం, రక్తనాళాలు ఉండే మెత్తటి భాగం, చచ్చిపోయింది కాబట్టి పెరుగుదల అక్కడే ఆగింది.

తెనాలి కాలర్: మరి ఆ స్కాఫోల్డ్ అంటే ఏం పెడతారండీ?

డాక్టర్: బీరపాదుకి పందిరి వేస్తాం కదా, పాదు దాన్ని పట్టుకుని అల్లుకుంటుంది. ఇక్కడ అల్లుకునేవి కణాలు. కాకపోతే కణాలు సర్దుకున్నాక ఈ పందిరి మెల్లగా కరిగిపోవాలి. ల్యాబుల్లో కొల్లాజెన్‌తో, రొయ్య పెంకుల నుంచి తీసే కైటోసాన్‌తో, పీఎల్‌జీఏ అనే కరిగే పాలిమర్‌తో చేస్తుంటారు. మీ బాబుకి అవేవీ అక్కర్లేదు, వాడి రక్తమే చాలు.

తెనాలి కాలర్: రక్తమా!

డాక్టర్: అవునమ్మా. మొదటిసారి పన్నుకి చిన్న రంధ్రం పెట్టి హైపోక్లోరైట్ మందుతో నెమ్మదిగా కడుగుతారు. ఫైళ్లతో, అంటే సూదిలాంటి సన్నటి పనిముట్లతో, పెద్దగా గీకరు, గోడలు అసలే పల్చన. కాల్షియం హైడ్రాక్సైడో, యాంటీబయాటిక్ పేస్టో పెట్టి మూసేసి, ఒకటి నుంచి నాలుగు వారాల్లో మళ్లీ రమ్మంటారు. పొక్కు మానితేనే ముందుకెళ్లేది. రెండోసారి ఈడీటీఏ అనే ద్రావణంతో కడుగుతారు. పన్ను లోపలి గట్టి పొర డెంటిన్‌లో ఇరుక్కుని ఉన్న గ్రోత్ ఫ్యాక్టర్లు, అంటే కణాలని పెరగమని పురికొల్పే పదార్థాలు, దానితో బయటికొస్తాయి. ఆ తర్వాత సన్నటి ఫైలుని వేరు చివర దాటించి, కావాలనే కాస్త రక్తం తెప్పిస్తారు. గడ్డకట్టిన ఆ రక్తమే స్కాఫోల్డ్. వేరు చివరున్న మూలకణాలు, అంటే వేరే రకం కణాలుగా మారగలిగే కణాలు, అందులోకి చేరతాయి. పైన ఎంటీఏ లాంటి సిమెంటు వేసి మూసేస్తారు.

యాంకర్: రెండోసారి మత్తు ఇంజెక్షన్ ఇవ్వరా?

డాక్టర్: ఇస్తారు, అడ్రినలిన్ కలపనిది. అడ్రినలిన్ ఉంటే రక్తనాళాలు బిగుసుకుని రక్తం రాదు. ఒక్కోసారి అప్పటికీ సరిపడా రాదు. అప్పుడు చేతి నుంచి కాస్త రక్తం తీసి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, పీఆర్ఎఫ్ అనే మెత్తటి పొర తయారుచేసి పెడతారు.

తెనాలి కాలర్: వేరు ఖాయంగా పెరుగుతుందాండీ?

డాక్టర్: చీము ఆగడం, పొక్కు మానడం ఎక్కువమందిలో జరుగుతుంది. వేరు పెరగడం మాత్రం ఒక్కొక్కరిలో ఒక్కోలా ఉంటుంది. లోపల వచ్చేది అచ్చం పాత పల్ప్ కూడా కాదు, చాలాసార్లు ఎముక తరహా కణజాలం. అయినా నేను చేయించమనే అంటాను. దవడ పెరిగే వయసులో ఇంప్లాంట్, అంటే ఎముకలో బిగించే కృత్రిమ పన్ను, పెట్టలేం, వాడి పన్ను వాడి నోట్లో ఉంటే అంతకన్నా ఏం కావాలి? ఆ తర్వాత ఎక్స్‌రేకి రమ్మన్నప్పుడు మాత్రం మానొద్దు. ఇక్కడే చాలామంది జారుకుంటారు.

యాంకర్: గుంటూరు బ్రాడీపేట నుంచి పెద్దాయన లైన్లో ఉన్నారు.

బ్రాడీపేట కాలర్: నాకు అరవై రెండండీ. కింద దవడ పళ్లు రెండు తీయించేశాను. జపాన్‌లో పళ్లు మొలిపించే మందు వచ్చిందని వాట్సాప్‌లో చూశా. ఇంప్లాంట్‌కి డబ్బు తగలేసే బదులు రెండేళ్లు ఆగితే?

డాక్టర్: ఆగకండి సార్. 2024లో క్యోటో యూనివర్సిటీ ఆసుపత్రిలో మనుషుల మీద పరీక్ష మొదలైన మాట నిజమే. అది పన్ను పెరగకుండా ఆపే యూఎస్ఏజీ-1 అనే ప్రోటీన్‌ని అడ్డుకునే మందు. మొదటి దశలో ప్రధానంగా చూసేది హాని ఉందా లేదా అని. వాళ్లు ముందుగా ఉద్దేశించింది కూడా పుట్టుకతో పళ్లు రానివాళ్లని.

బ్రాడీపేట కాలర్: మరి ఆ స్కాఫోల్డ్ మీద పన్ను మొత్తం పెంచలేరా?

డాక్టర్: 2002లో బోస్టన్‌లో పంది పంటి మొగ్గల కణాలని కరిగే పాలిమర్ మీద వేసి, ఎలుక ఒంట్లో పెంచారు. పంటి పైపొర ఎనామిల్‌తో సహా, చిన్న చిన్న పంటి కిరీటాలు, అంటే చిగురు పైన కనిపించే భాగాలు, వచ్చాయి. మనిషి నోట్లోకి మాత్రం ఇప్పటికీ రాలేదు. మనలో ఎనామిల్ చేసే కణాలు పన్ను బయటికొచ్చేసరికే పోతాయి, అదొక పెద్ద చిక్కు. మీరు సందు వదిలేస్తే పక్క పన్ను ఒరుగుతుంది, పై పన్ను కిందికి దిగుతుంది, ఎముక తగ్గుతుంది. ఇంప్లాంట్ వద్దనుకుంటే బ్రిడ్జి ఉంది, సెట్టు ఉంది.

బ్రాడీపేట కాలర్: సెట్టు వద్దండీ బాబూ. మా ఆవిడది గ్లాసులో రోజూ చూస్తున్నా!

యాంకర్: (నవ్వుతూ) భవానీపురం నుంచి చెప్పండమ్మా.

భవానీపురం కాలర్: మా పాప పాలపన్ను ఊగుతోంది సార్. దాచిపెడితే ముందుముందు పనికొస్తుందని ఎవరో ప్యాకేజీ చెబుతున్నారు.

డాక్టర్: పాలపళ్లలో మూలకణాలు ఉన్నాయని 2003లోనే తేలింది. 2018లో చైనాలో, దెబ్బ తగిలి పల్ప్ చచ్చిన పిల్లల పళ్లలో వాళ్ల పాలపంటి కణాలే పెంచి పెడితే రక్తప్రసరణ, స్పర్శ తిరిగొచ్చాయని ప్రచురించారు. కానీ అవి ఏళ్ల తరబడి దాచిన కణాలు కావు. నన్నడిగితే అప్పు చేసి కట్టొద్దు. ఆరేళ్లకి వచ్చే దవడ పళ్లకి సీలెంట్లు, అంటే పుచ్చకుండా గాడుల్ని మూసే పూత, వేయించండి, వెంటనే ఉపయోగం.

యాంకర్: చివరి కాల్, కృష్ణలంక.

కృష్ణలంక కాలర్: నమస్తే సార్, ఆటో నడుపుతా. పుచ్చు పన్ను ఉంది. సిమెంటు లేకుండా దానంతటదే పూడే స్పాంజి వచ్చిందంట?

డాక్టర్: 2017లో లండన్ కింగ్స్ కాలేజీవాళ్లు ఎలుకల పళ్లలో పెట్టారు. కొల్లాజెన్ స్పాంజి కరిగి, ఆ చోట డెంటిన్ వచ్చింది. మనకింకా సిమెంటే. చల్లనీళ్లు తాగితే జివ్వుమంటుందా?

కృష్ణలంక కాలర్: అంటది సార్. వెంటనే పోద్ది.

డాక్టర్: అయితే పల్ప్ బతికే ఉండి ఉంటుంది. ఈ వారంలోనే వెళ్లండి, విజయవాడలో ప్రభుత్వ దంత వైద్యశాల ఉంది. రాత్రిళ్లు నిద్ర లేపే నొప్పి మొదలైందంటే సిమెంటుతో పోదు, రూట్ కెనాల్ దాకా వెళ్తుంది.