ఇండియాలో 20 సెకన్లు ఎందుకు? ట్విట్టర్ స్పీడ్, మస్క్ మాటలు – నా రివ్యూ

నమస్తే అండీ. ఈ రోజు రివ్యూలో రెండు విషయాలు కలిపి చూద్దాం. ఒక యాప్ ఎందుకు స్లోగా ఉందన్నది ఒకటి, ఆ స్లో వల్ల మాటలు పడింది ఎవరన్నది రెండోది. యాప్ ట్విట్టర్, అంటే ఇప్పటి ఎక్స్. మాటలన్నది దాని ఓనర్ ఎలాన్ మస్క్. ఆ మాటల్లో ఇండియా పేరు నేరుగా వచ్చింది కాబట్టి మనం దీన్ని కొంచెం లోతుగానే చూడాలి.

2022 అక్టోబర్ 27న మస్క్ చేతికి ట్విట్టర్ వచ్చింది. నవంబర్ 4న సుమారు 7,500 మంది ఉద్యోగుల్లో సగం మందిని తీసేశారు. నవంబర్ 13న ఆయన ఒక ట్వీట్ పెట్టారు. చాలా దేశాల్లో ట్విట్టర్ బాగా స్లోగా ఉన్నందుకు క్షమించమని అడుగుతూనే, హోమ్ టైమ్‌లైన్ (యాప్ తెరవగానే కనిపించే పోస్టుల వరుస) చూపించడానికే యాప్ వెయ్యికి పైగా ఆర్‌పీసీలు చేస్తోందని, వాటిని సరిగ్గా బ్యాచ్ కూడా చేయలేదని రాశారు. క్షమాపణ యూజర్లకు చెప్పారు, నింద మాత్రం ఇంజినీర్ల మీద వేశారు. అదీ కోట్ల మంది చూస్తుండగా.

ఆర్‌పీసీ అంటే ఒక మెషీన్‌లోని ప్రోగ్రామ్ ఇంకో మెషీన్‌లోని ప్రోగ్రామ్‌ని ‘ఈ పని చేసి పెట్టు’ అని అడగడం. ఇక బ్యాచింగ్ అంటారా, ఉప్పుకోసారి, పప్పుకోసారి కిరాణా కొట్టుకు పోకుండా చీటీ రాసుకుని ఒక్కసారే పోయి రావడం. బ్యాచింగ్ లేకపోతే ఏ సాఫ్ట్‌వేర్ అయినా ఈడుస్తుంది. అందులో సందేహం లేదు.

అప్పుడు ట్విట్టర్ ఆండ్రాయిడ్ యాప్ మీద సుమారు ఆరేళ్లు పనిచేసిన ఒక ఇంజినీర్, ఇది తప్పు అని అక్కడే జవాబిచ్చారు. మస్క్ ఊరుకోలేదు. అయితే సరిదిద్దండి, ఆండ్రాయిడ్‌లో ట్విట్టర్ చాలా స్లో, దాన్ని బాగు చేయడానికి మీరేం చేశారు అని అడిగారు. దానికి ఆ ఇంజినీర్ చెప్పిన సమాధానం వినండి. యాప్‌లో ఎవరూ పెద్దగా వాడని ఫీచర్లు పేరుకుపోయాయి. కొత్త ఫీచర్లు త్వరగా తేవాలని స్పీడ్‌ని పక్కన పెడుతూ వచ్చాం, ఏళ్ల తరబడి టెక్నికల్ అప్పు, అంటే తొందరలో రాసి తర్వాత సరిచేయకుండా వదిలేసిన కోడ్, పెరిగిపోయింది. నెట్‌వర్క్ జవాబు కోసం ఎదురు చూడటంలోనే చాలా టైమ్ పోతోంది.

గమనించారా? యాప్ స్లోగా ఉందన్న మాటను ఆయన కాదనలేదు. కారణం మాత్రం అది కాదు అన్నారు, అసలు కారణాలు మూడు చెప్పారు. తమ టీమ్ తప్పు కూడా అందులోనే ఒప్పుకున్నారు. స్లో యాప్‌ని బాగు చేయాలనుకునే ఓనర్‌కి ఇంతకంటే పనికొచ్చే రిపోర్ట్ ఏముంటుంది? మర్నాడు మస్క్ ఆయన్ను ఉద్యోగంలోంచి తీసేశానని ట్వీట్ చేశారు.

ఇక ఇండియా సంగతి. అదే గొడవలో మస్క్ ఇంకో ట్వీట్ పెట్టారు. ఆర్‌పీసీలు సుమారు 1,200 అని ట్విట్టర్ ఇంజినీర్లే చాలామంది తనకు విడివిడిగా చెప్పారట, అది కంపెనీలోని మైక్రోసర్వీసుల (ఒక్కో చిన్న పనికి ఒక్కో విడి ప్రోగ్రామ్) సంఖ్యతో సరిపోతోందట. అదే యాప్ అమెరికాలో రిఫ్రెష్ కావడానికి సుమారు 2 సెకన్లు, ఇండియాలో సుమారు 20 సెకన్లు పడుతోందని, కారణం బ్యాచింగ్ బాగోలేకపోవడమేనని రాశారు.

ఇక్కడ కాసేపు ఆగి లెక్క వేద్దాం. మైక్రోసర్వీసులు ఉండేది డేటా సెంటర్ లోపల, అంటే కంపెనీ సర్వర్లు పెట్టే భవనంలో. అవి ఒకదాన్నొకటి ఎన్నిసార్లు పిలుచుకున్నా ఆ మాటలన్నీ ఆ నాలుగు గోడల మధ్యే నడుస్తాయి. ఫోన్ హైదరాబాద్‌లో ఉన్నా, కాలిఫోర్నియాలో ఉన్నా ఆ పనికి పట్టే టైమ్ మారదు. అమెరికాలో మొత్తం 2 సెకన్లలో అయిపోతోందంటే, సర్వర్ లోపలి పని కూడా ఆ 2 సెకన్లలోనే ఉన్నట్టు. మిగతా 18 సెకన్లు ఎక్కడ పోతున్నాయి? ఫోన్‌కీ సర్వర్‌కీ మధ్య దారిలో, మన నెట్‌వర్క్‌లో, ఫోన్‌లో.

లేదు, ఆ 1,200 పిలుపులూ ఫోన్ నుంచే వెళ్తున్నాయి అంటారా? హైదరాబాద్ నుంచి అమెరికాలోని సర్వర్‌కి ఒక రిక్వెస్ట్ పోయి రావడానికి సుమారు పావు సెకను అనుకుందాం. ఒకదాని తర్వాత ఒకటి 1,200 వెళ్తే 300 సెకన్లు, అంటే ఐదు నిమిషాలు. 20 సెకన్లకు అది సరిపోదు. ఎటు నుంచి చూసినా ఆ అంకె, ఆ కారణం ఒకదానికొకటి పొసగవు. ఈ లెక్కకు పెద్ద చదువేం అక్కర్లేదు. ఒక మీటింగ్‌లో ప్రశాంతంగా పది నిమిషాలు మాట్లాడుకుంటే తేలిపోయే విషయం. పోయిన ఉద్యోగం చూస్తే నాకు నిజంగా బాధగా ఉంది.

ఇంకో సంగతి చెబితే మీకూ అనిపిస్తుంది. ఇదే కంపెనీ ఇంజినీర్లు 2017 ఏప్రిల్‌లో ట్విట్టర్ లైట్ తెచ్చారు. ఇండియా లాంటి దేశాల్లో నెట్ స్లోగా ఉంటుంది, డేటా ఖరీదు, ఫోన్లో జాగా తక్కువ అని, సరిగ్గా మనలాంటి వాళ్ల కోసం చేసిన పని అది. బ్రౌజర్‌లోనే నడిచేది, ఫోన్లో 1 ఎంబీ కంటే తక్కువ జాగా తీసుకునేది. 3జీ మీద ఎక్కువ ఫోన్లలో 5 సెకన్లలోపే తెరుచుకుంటుందని కంపెనీ చెప్పింది. అందులో డేటా సేవర్ అని ఒకటి ఉండేది. అది ఆన్ చేస్తే ఫోటో బదులు మసకగా చిన్న బొమ్మ కనిపించేది. మీకు కావాలనుకుంటే నొక్కాలి, అప్పుడే అసలు ఫోటో దిగేది. డేటా ఖర్చు 70 శాతం వరకు తగ్గుతుందని అప్పట్లో ప్రకటించారు. రీఛార్జ్ డబ్బులు చూసుకుని నెట్ వాడే మనిషిని మనసులో పెట్టుకుంటేనే ఇలాంటి ఆలోచన వస్తుంది. ఈ ఇంజినీర్లకు ఇండియా స్పీడ్ పట్టలేదంటే నేను ఒప్పుకోను.

సరే, ఓనర్ సొంత హయాంలో ఏం జరిగిందో కూడా చూడాలి కదా. 2022 డిసెంబర్‌లో ఖర్చు తగ్గించడానికి కాలిఫోర్నియాలోని శాక్రమెంటో డేటా సెంటర్ ఖాళీ చేయాలనుకున్నారు. సర్వర్లను భద్రంగా తరలించాలంటే ఆరు నుంచి తొమ్మిది నెలలు పడుతుందని అక్కడి మేనేజర్ చెప్పారు. మస్క్ 90 రోజులు ఇచ్చారు, చేతకాకపోతే రాజీనామా తీసుకుంటానన్నారు. చివరికి క్రిస్మస్ సమయంలో తానే మనుషుల్ని వెంటబెట్టుకుని వెళ్లి సర్వర్లు పీకించడం మొదలుపెట్టారు. తర్వాత సైట్ తరచూ తడబడింది. శాక్రమెంటో మూసేయడం పొరపాటేనని, సాఫ్ట్‌వేర్‌లో 70,000 చోట్ల ఆ డేటా సెంటర్ పేరు నేరుగా రాసి ఉందని తనకెవరూ చెప్పలేదని ఆ తర్వాత ఆయనే అన్నారు.

ఎవరూ చెప్పలేదట. నాకు ఇక్కడే కోపం వస్తుంది. చెప్పినవాడి ఉద్యోగం పోవడం ఆఫీసంతా చూసింది. ఆ తర్వాత ఎవరు నోరు తెరుస్తారండీ? నేను పనిచేసిన ఒక ఆఫీసులో లీడ్ ఒకాయన రివ్యూ కాల్‌లో ‘ఈ చెత్త ఎవరు రాశారు’ అని అందరి ముందు అరిచేవారు. కొన్నాళ్లకు జూనియర్లు స్లో పేజీల గురించి ఆయనకు చెప్పడమే మానేశారు. పేజీలు మాత్రం అలాగే ఉన్నాయి.

2023 మార్చి 6న ట్విట్టర్‌లో లింకులు తెరుచుకోలేదు, ఫోటోలు రాలేదు. ఏపీఐలో (ఒక ప్రోగ్రామ్ ఇంకో ప్రోగ్రామ్‌తో మాట్లాడే దారి) చిన్న మార్పు చేస్తే పెద్ద దెబ్బ తగిలిందని, కోడ్ అకారణంగా పెళుసుగా ఉందని, మొత్తం తిరగరాయాలని మస్క్ ట్వీట్ చేశారు. అప్పటికి ఆయన ఓనర్ అయి నాలుగు నెలలు దాటింది. జులై 1న రోజుకు ఇన్ని పోస్టులే చూడాలని లిమిట్ పెట్టారు, మామూలు అకౌంట్లకు మొదట 600. ఆగస్టులోనైతే న్యూయార్క్ టైమ్స్, రాయిటర్స్, ఫేస్‌బుక్ లాంటి సైట్ల లింకులు నొక్కితే సుమారు 5 సెకన్లు ఆగి తెరుచుకుంటున్నాయని వాషింగ్టన్ పోస్ట్ బయటపెట్టింది. వార్త వచ్చాక ఆ ఆలస్యం తొలగిపోయింది. స్లోకి అసలు కారణం చెప్పిన మనిషిని పంపేసిన చోట జరిగింది ఇది.

మస్క్ వైపు కూడా ఒక మాట చెప్పాలి. యాప్ స్లో అన్నది నిజం. అంతమందిని తీసేశాక సైట్ కూలిపోతుందని చాలామంది అన్నారు, కూలిపోలేదు. అది ఒప్పుకుంటాను. కానీ 20 సెకన్లకు ఆయన చెప్పిన కారణానికి నా రివ్యూలో పాస్ మార్కులు రావు. ట్విట్టర్ లైట్ చేసిన టీమ్‌కి మాత్రం మనస్ఫూర్తిగా ఫుల్ మార్కులు.

స్లో నెట్ మీద ఎక్స్ వాడేవాళ్లు ఇది చేసి చూడండి. ప్రొఫైల్ ఫోటో నొక్కి సెట్టింగ్స్ అండ్ ప్రైవసీలోకి వెళ్లండి. అక్కడ యాక్సెసిబిలిటీ, డిస్‌ప్లే అండ్ లాంగ్వేజెస్‌లో డేటా యూసేజ్ ఉంటుంది. దాంట్లో డేటా సేవర్ ఆన్ చేయండి. వీడియోలు వాటంతటవే ఆడవు, ఫోటోలు తక్కువ క్వాలిటీలో దిగుతాయి. బస్సులో, ఊళ్లో సిగ్నల్ సరిగ్గా లేనిచోట ఇది పనికొస్తుంది.