స్టాంపు పడని పేజీ

శ్రోతలందరికీ నమస్కారం.

నా దగ్గర చేతిలో ఇమిడిపోయేంత నీలం అట్ట పుస్తకం ఒకటి ఉంది. అమెరికాలో నేషనల్ పార్కులు, చారిత్రక స్థలాలు చూడబోయేవాళ్లు కొనుక్కునే పుస్తకం. దాన్ని పాస్‌పోర్టు అంటారు. 1986లో మొదలుపెట్టారు. ఏ పార్కుకు వెళ్లినా విజిటర్ సెంటర్‌లో ఓ పక్కన రబ్బరు స్టాంపు, ఇంకు ప్యాడ్ పెట్టి ఉంటాయి. మన పుస్తకంలో మనమే కొట్టుకోవాలి. స్థలం పేరు, ఆ రోజు తేదీ పడతాయి. అక్కడి నేషనల్ పార్క్ సర్వీస్ కింద 430కి పైగా స్థలాలున్నాయి. నా పుస్తకంలో పట్టుమని ఇరవై కూడా లేవు.

మొన్న దాన్ని తిరగేస్తుంటే ఒక సంగతి తట్టింది. అంతా అనుకున్నట్టే జరిగిన ప్రయాణాలు స్టాంపు చూస్తే గానీ గుర్తురావడం లేదు. ఎక్కడో ఒకచోట బెడిసికొట్టినవి మాత్రం కళ్లకు కట్టినట్టున్నాయి.

ఎల్లోస్టోన్ సంగతే చూడండి. 1872లో ఏర్పడింది, ప్రపంచంలోనే మొదటి నేషనల్ పార్కు. అక్కడ ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ అనే వేడినీటి బుగ్గ ఉంది, ఉండుండి నీళ్లను పైకి చిమ్ముతుంది. ఇలాంటివాటిని గీజర్లంటారు. స్నానాల గదిలో నీళ్లు కాచే యంత్రం పేరూ అదే. ఐస్‌లాండ్‌లోని ఒక బుగ్గ పేరు అలా లోకమంతా పాకింది. సరే, మేం కారు దిగి పరుగున వెళ్లేసరికి జనం బెంచీల మీంచి లేచి వచ్చేస్తున్నారు. రెండు నిమిషాల క్రితమే అయిపోయిందట! ఇంకో గంటన్నర కూర్చోవాలి. నాకు ఒళ్లు మండింది.

అక్కడున్న రేంజర్ తర్వాతిది ఎప్పుడు వస్తుందో పది నిమిషాలు అటూ ఇటూగా చెప్పేసింది. భూమి లోపలి సంగతి మీకెలా తెలుసని అడిగాను. గడియారం చూపించింది. నీళ్లు ఎంతసేపు చిమ్మాయో లెక్క పెడతారు. కాసేపే చిమ్మితే తర్వాతిది త్వరగా వస్తుంది. ఎక్కువసేపు చిమ్మితే లోపల బాగా ఖాళీ అయినట్టు. మళ్లీ నిండి, కాగి, పొంగాలంటే ఆలస్యమవుతుంది. అంతే!

ఆ గంటన్నరలో చెక్కబాట మీద తిరుగుతూ రంగురంగుల వేడి మడుగులు చూశాం. అంచుల్లోని పసుపు, నారింజ రంగులు చాలావరకు ప్రాణమున్నవే, వేడిలో బతికే సూక్ష్మజీవులవి. 1960లలో థామస్ బ్రాక్ అనే శాస్త్రవేత్త ఈ పార్కులోని వేడినీళ్లలో ఒక బాక్టీరియాను కనిపెట్టారు. దాని నుంచి తీసిన ఎంజైమ్‌తోనే పీసీఆర్ పద్ధతి అంత సులువైంది. కరోనా రోజుల్లో ముక్కులో పుల్ల పెట్టించుకున్నవాళ్లందరికీ ఆ పేరు తెలుసు. సమయానికి చేరుకుని ఉంటే ఇవేవీ నా చెవిన పడేవి కావు. చివరికి నీళ్లు లేచాయి. నాలుగు నిమిషాలు కూడా లేవు. బాగుంది, కాదనను.

గ్రాండ్ కాన్యన్ అనే లోతైన లోయలో తప్పు పూర్తిగా నాదే. అక్కడి శిఖరాలకు విష్ణు టెంపుల్, బ్రహ్మ టెంపుల్, శివ టెంపుల్ అని పేర్లున్నాయి. పంతొమ్మిదో శతాబ్దపు భూగర్భ శాస్త్రవేత్త క్లారెన్స్ డటన్ చలవ. ఆ పేర్లు వినగానే హుషారొచ్చి, మూడు మైళ్లు దిగిపోదామన్నాను. అంచున ఉన్న రాయి వయసు 27 కోట్ల ఏళ్లు. అట్టడుగున ఉన్నది 170 కోట్ల ఏళ్లు దాటినది. దిగేటప్పుడు హాయిగానే ఉంది. ఎక్కడానికి దిగినదానికి రెట్టింపు సమయం పడుతుందని బోర్డులు చెబుతూనే ఉన్నాయి. ఒకటిన్నర మైలు దగ్గరే వెనక్కి తిరిగాం. ఆ ఒకటిన్నర మైలు ఎక్కడానికి ఎన్నిసార్లు ఆగామో, ఆగిన ప్రతిచోటా ఏ రంగు రాయి ఉందో ఇప్పటికీ చెప్పగలను.

ఎల్లిస్ ఐలాండ్ స్టాంపు తలకిందులుగా పడింది. 1892 నుంచి 1954 వరకు కోటీ ఇరవై లక్షల మంది వలసదారులు దిగిన చోటు. పడవ టైముకు వచ్చింది, టైముకు తీసుకెళ్లింది. పెద్ద హాలు తప్ప ఇంకేమీ గుర్తులేదు. తప్పు ఆ దీవిది కాదు లెండి.

ఇక మెసా వెర్డే. కొండ చరియల కింద ప్యూబ్లో అనే అమెరికా ఆదివాసుల పూర్వీకులు కట్టుకున్న రాతి ఇళ్లు. నూటయాభై గదుల క్లిఫ్ ప్యాలెస్ చూద్దామని వెళితే టికెట్లు అయిపోయాయి. బాల్కనీ హౌస్‌కు మాత్రం ఉన్నాయి. దానికి 32 అడుగుల నిచ్చెన ఎక్కాలి. నాకేమో ఎత్తంటే భయం. కిందికి చూడకుండా ఎదుట ఉన్న రాతినే చూస్తూ ఎక్కాను. తర్వాత మూరెడు వెడల్పు, 12 అడుగుల పొడవున్న సొరంగంలో పాకాలి. భుజాలు రాతికి ఒరుసుకున్నాయి. ఆ ఇళ్ల దూలాల్లో ఏడాదికొకటి చొప్పున పడ్డ వలయాల వరసను వేరే చెట్ల వలయాలతో పోల్చి, చెట్టును ఏ ఏడు కొట్టారో చెబుతారట. 1200ల చివర్లో ఏళ్ల తరబడి కరువు వచ్చిన సంగతీ చెట్ల వలయాల్లోనే తేలింది. 1300 నాటికి ఆ ఊళ్లన్నీ ఖాళీ అయిపోయాయి. రాళ్ల మధ్య మెత్తిన మట్టిలో ఒకచోట వేళ్ల గుర్తులు కనిపించాయి. నా వేళ్లకంటే చిన్నవి. ముట్టుకోకూడదు గనక చేతులు వెనక్కి కట్టుకుని అక్కడే నిలబడిపోయాను. ముందుకు కదలమని రేంజర్ రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

బయటపడి విజిటర్ సెంటర్‌కు చేరేసరికి మూసేశారు. పుస్తకంలో ఆ పేజీ ఇంకా ఖాళీగానే ఉంది.

సెలవు. నమస్కారం.