ముందు కాపడం, తర్వాతే పాలు!

ఆ వీడియో మీరందరూ చూసే ఉంటారు. ఇంకా కళ్ళు తెరవని పిల్లికూనని చంటిబిడ్డలా వెల్లకిలా పడుకోబెట్టి, సీసాతో ఆవుపాలు పడుతున్నారే, అదే. కింద అన్నీ హార్టులు, ఎంత మంచి మనసో అంటూ కామెంట్లు. మనసు మంచిదే, కాదనను. కానీ ఆ కూన నోరు చూశారా? పాలిపోయి ఉంది. కాళ్ళు కదలడం లేదు. అది తాగుతోందా? లేదండీ, వాళ్ళే పోసేస్తున్నారు!

ఒక్క మాట గట్టిగా చెప్తా, వినండి. తల్లిలేని కూనని ఆకలి కంటే ముందు చలి చంపేస్తుంది. చలి!

మొదటి వారంలో దానికి వణకడం కూడా రాదు. తల్లి పొట్టే దానికి కుంపటి. ఒళ్ళు చల్లబడిందంటే పేగులు పనిచెయ్యవు. అప్పుడు పాలు పోస్తే అరగవు. మింగే ఓపిక ఉండదు కాబట్టి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ప్రాణం నిలబెడదామని పోసిన పాలే ప్రాణం తీస్తాయి.

ఇంత కోపం ఎందుకంటే, నేనూ అదే చేశాను. మొదటిసారి దొరికిన కూన అరచేతిలో తడిగుడ్డలా చల్లగా తగిలింది. గబగబా పాలు వెచ్చబెట్టి డ్రాపర్‌తో పోశా. రెండో చుక్కకే ముక్కులోంచి నురగ వచ్చింది. తెల్లారేసరికి లేదు. ముందు కాపడం పెట్టు అని ఆ రాత్రి ఒక్కరు చెప్పినా బతికేదేమో అని ఇప్పటికీ అనిపిస్తుంది.

సీసాలో వేడినీళ్ళు పోసి, టవల్ చుట్టి, అట్టపెట్టెలో ఒక పక్కన పెట్టండి. రెండో పక్క ఖాళీగా వదలండి. వేడి ఎక్కువైతే అదే పాక్కుంటూ అటు పోతుంది. గంట పట్టినా, రెండు గంటలు పట్టినా కంగారు పడొద్దు. నోట్లో వేలు పెడితే వెచ్చగా తగలాలి, ఆ వేలిని చప్పరించాలి. అప్పుడు పాలు!

అవి కూడా ఆవుపాలు కాదు. పిల్లిపాలలో ప్రొటీన్, కొవ్వు దాదాపు రెట్టింపు ఉంటాయి. ఆవుపాలతో విరేచనాలు పట్టుకుంటే 100 గ్రాముల ప్రాణి ఎంతసేపు తట్టుకుంటుంది? పిల్లికూనల కోసమే పాలపొడి ఉంటుంది, పశువుల డాక్టర్ని అడగండి. రెండు మూడు గంటలకోసారి, రాత్రుళ్ళు కూడా. బోర్లా ఉంచి, తల కాస్త పైకెత్తి పట్టాలి. ఏ కూనైనా తల్లి దగ్గర వెల్లకిలా పడుకుని తాగగా చూశారా?

తాగాక గోరువెచ్చని నీళ్ళలో ముంచిన దూదితో తోక కింద మెల్లగా తుడవండి. తల్లి నాకితేనే దానికి ఒంటికీ రెంటికీ వస్తుంది. సుమారు మూడు వారాల దాకా ఇంతే.

అన్నట్టు, కూన దొరగ్గానే ఎత్తుకొచ్చేయకండి. ఒళ్ళు వెచ్చగా, పొట్ట నిండుగా ఉంటే తల్లి తిండికి వెళ్ళి ఉంటుంది. దూరంగా నిలబడి చూడండి. చూశారా, అక్కడా వేడే చెప్తుంది!

ఇదిగో, ఈ కూన నాకు దొరికి సరిగ్గా వారం. ఎడమ కన్ను సగం తెరిచింది. వంటింటి కాటా మీద నిన్న 168 గ్రాములు, ఇవాళ 180. అరుస్తోంది, వినిపిస్తోందా? ఆగమ్మా, ముందు నీ పొట్ట ముట్టుకోనీ... ఆఁ, వెచ్చగానే ఉంది. పాలు కలుపుకొస్తా.