డ్రయ్యర్ అంటే ఏ డ్రయ్యర్?

వెనక వినపడుతున్న చప్పుడు వానే, మైకు పాడవలేదు. శ్రీకాకుళంలో మూడు రోజులుగా ముసురు పట్టింది. మా ఇంట్లో గదికొక దండెం కట్టాం. హాల్లో మా ఆయన లుంగీలు, పడగ్గదిలో పిల్లల యూనిఫాంలు, వంటింటి గుమ్మానికి తువ్వాళ్ళు. లోపలికి ఎవరొచ్చినా తల వంచుకునే రావాలి. వాషింగ్ మెషిన్ గురించి, డ్రయ్యర్ గురించి మాట్లాడ్డానికి ఇంతకంటే మంచి రోజు దొరకదని ఇవాళే కెమెరా పెట్టేశాను.

ముందు మా అక్క సంగతి. అక్కా వాళ్ళది విజయనగరం. పోయినేడాది సిరిమాను పండగ ముందు, ఆఫర్లు నడుస్తున్నాయని, ఒక షాపుకి వెళ్ళి "డ్రయ్యర్ ఉన్న మెషిన్ కావాలి" అని అడిగింది. "ఇదిగో మేడమ్, ఫుల్లీ ఆటోమేటిక్, డ్రయ్యర్ ఇందులోనే ఉంది" అన్నారు. 19 వేలు పెట్టి కొనుక్కొచ్చింది. మొదటి లోడు అయ్యాక మూత తీసి చూస్తే బట్టలు తడిగానే ఉన్నాయి. ఆ రోజు మా అమ్మ అక్కడే ఉంది. పొందూరు పక్క ఊరు మాది, అమ్మ మాటల్లో మొహమాటం ఉండదు. "ఆరబెట్టీ మిషనన్నావు, మళ్ళీ దండేనికే ఏస్తన్నావేటే?" అంది. అక్క షాపుకి ఫోన్ చేసింది. "డ్రయ్యర్ అంటే నీళ్ళు పిండెయ్యడమే కదా మేడమ్" అన్నారు వాళ్ళు.

నిజం చెప్పాలంటే షాపు అతను పూర్తిగా అబద్ధమాడలేదు. మన దగ్గర డ్రయ్యర్ అనే ఒక్క మాటని మూడు వేరే వేరే వస్తువులకి వాడేస్తున్నాం. డబ్బు పోయేది అక్కడే.

సెమీ ఆటోమేటిక్‌లో పక్కనుండే చిన్న తొట్టి ఉంటుంది చూడండి, దాన్ని అందరూ డ్రయ్యర్ అనే అంటారు. అది గిర్రున తిప్పి నీళ్ళు పిండుతుంది, అంతే. ఇక పై నుంచి బట్టలు వేసే ఫుల్లీ ఆటోమేటిక్‌లో 'ఎయిర్ డ్రై' అని ఒక బటన్ ఉంటుంది. అది ఇంకాస్త సేపు తిప్పుతూ మూతలోంచి గాలి లాగుతుంది. వేడి ఉండదు. మా అక్క కొన్నది ఇదే. మూడోదే అసలైన డ్రయ్యర్. లోపల వేడి గాలి పుట్టించి, తడిని ఆవిరి చేసి, బట్టల్ని బీరువాలో పెట్టుకునేలా ఇస్తుంది. అది విడిగా వస్తుంది, లేదా ఉతకడం ఆరబెట్టడం రెండూ ఒకే డ్రమ్ములో చేసే 'వాషర్ డ్రయ్యర్'గా వస్తుంది. షాపులో అడగాల్సిన ప్రశ్న "డ్రయ్యర్ ఉందా?" అని కాదు. "ఇందులో వేడి గాలి వస్తుందా, పొడి బట్టల లెక్కన ఎన్ని కిలోలు ఆరబెడుతుంది?" అని అడగండి. ఆ ఒక్క మాటతో అవతలివాళ్ళ గొంతు మారుతుంది.

సరే, అసలైనది కొనాలా అన్నది కాసేపట్లో. ముందు ఉతికే మెషిన్ సంగతి చూద్దాం. ఎందుకంటే బట్టలు తొందరగా ఆరడమనేది సగం అక్కడే తేలిపోతుంది.

స్పెసిఫికేషన్ కాగితంలో స్పిన్ వేగం అని ఉంటుంది, ఆర్‌పీఎం, అంటే డ్రమ్ము నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుందన్నది. పై నుంచి బట్టలు వేసే టాప్ లోడ్ మెషిన్లలో చాలావాటికి 700 నుంచి 800 మధ్య ఉంటుంది. ముందు వైపు తలుపుండే ఫ్రంట్ లోడ్‌లో 1200, 1400 దాకా వెళ్తుంది. కిలో నూలు బట్టలు ఉతికాక 800 దగ్గర పిండితే ఇంకా సుమారు 700 గ్రాముల నీళ్ళు వాటిలోనే ఉంటాయి. 1400 దగ్గర అయితే అరకిలో. ఆ తేడా ఎండాకాలంలో మీకు తెలియదు. డాబా మీద రెండు గంటల్లో ఏ బట్టయినా అప్పడమైపోతుంది. ఇలాంటి ముసుర్లో మాత్రం ఆ 200 గ్రాములే మీ ఇంట్లో ముక్కిపోయిన వాసన. నమ్మకం లేకపోతే వంటింటి తూకం మీద పొడి తువ్వాలు ఒకసారి, స్పిన్ అయ్యాక ఒకసారి పెట్టి చూడండి. నేను చూశాను. అక్క మెషిన్‌లోంచి తీసింది, నా మెషిన్‌లోంచి తీసింది చేత్తో పట్టుకున్నా తేడా తెలిసిపోయింది.

ఒక విచిత్రం ఏమిటంటే, పదివేల రూపాయల చుట్టుపక్కల దొరికే సెమీ ఆటోమేటిక్‌లో కూడా ఆ పిండే తొట్టి 1300 పైన తిరుగుతుంది. పిండడం వరకే అయితే అది ఇరవై వేల టాప్ లోడ్‌కి ఏమాత్రం తీసిపోదు. కాకపోతే తడి బట్టలు ఒక తొట్టిలోంచి ఇంకో తొట్టిలోకి మార్చే చాకిరీ మనదే. నడుం నొప్పి ఉన్నవాళ్ళకి నేను చెప్పను.

ఇప్పుడు నీళ్ళ సంగతి. ఇక్కడ నా తెలివితక్కువతనం కూడా ఒప్పుకోవాలి. మాది పై అంతస్తు. ఫ్రంట్ లోడ్ తెచ్చాం. మెకానిక్ వచ్చి బిగించాడు, ఆన్ చేశాడు, పదిహేను నిమిషాలకి కూతలు పెట్టి ఆగిపోయింది. నీళ్ళు రావట్లేదని ఎర్రర్. కుళాయి తిప్పితే నీళ్ళు వస్తున్నాయి, మెషిన్ మాత్రం రావట్లేదంటుంది. తర్వాత తెలిసింది: పది మీటర్ల ఎత్తు నీటికి ఒక బార్ ప్రెషర్. చాలా ఫ్రంట్ లోడ్‌లకి కనీసం 0.3 బార్ ఉండాలి, అంటే మూడు మీటర్లు. మా ట్యాంకు మా నెత్తి మీదే ఉంది, కుళాయికి రెండు మీటర్ల ఎత్తు కూడా లేదు. కింది అంతస్తు వాళ్ళకి రాని ఇబ్బంది పై అంతస్తు వాళ్ళకి వస్తుందన్నమాట. చివరికి చిన్న బూస్టర్ పంపు పెట్టించాం. మెషిన్ ధర మీద అదో మూడున్నర వేలు. కొనే ముందే ట్యాంకు అడుగు నుంచి మీ కుళాయి దాకా టేపుతో కొలుచుకోండి. ఇద్దరు మనుషులు, అయిదు నిమిషాల పని.

నీళ్ళు ఎన్ని ఖర్చవుతాయన్నదీ చూడాలి. ఫ్రంట్ లోడ్ ఒక లోడుకి సుమారు 50 నుంచి 70 లీటర్లతో సరిపెడుతుంది. టాప్ లోడ్ 100 నుంచి 150 దాకా తాగుతుంది. మున్సిపల్ నీళ్ళు పూటకొకసారి వదిలే వీధుల్లో ఇది చిన్న తేడా కాదు. స్టార్ లేబుల్ మీద నక్షత్రాలు ఒక్కటే చూడకండి. కిలో బట్టకి ఎంత కరెంటు, ఎన్ని లీటర్ల నీళ్ళు అన్నవి కూడా అక్కడే రాసి ఉంటాయి.

బోరు నీళ్ళ వాళ్ళకి ఒక మాట. సబ్బు సరిగా నురగ రాకపోతే, బకెట్టు అంచున తెల్ల చారలు కడితే, అవి కఠిన జలాలు. ఫ్రంట్ లోడ్‌లో నీళ్ళు కాచే హీటరు మీద కూడా అదే పొర కడుతుంది. రెండు నెలలకోసారి ఆ పొర వదిలించే డీస్కేలింగ్ పొడి వేసి ఖాళీ డ్రమ్ము తిప్పాలి. నీళ్ళు వచ్చే పైపు చివర చిన్న జల్లెడ ఉంటుంది, దాన్ని తీసి ఇసుక దులపాలి. ఇవి చెయ్యలేం అనుకుంటే హీటరు లేని మెషిన్ కొనుక్కోవడమే సుఖం.

'ఇన్వర్టర్ టెక్నాలజీ' అని పెద్ద అక్షరాలతో స్టిక్కర్ ఉంటుంది. మా బావ దాన్ని చూసి "కరెంటు పోయినా ఇంట్లో ఇన్వర్టర్ మీద నడుస్తుందట" అని అందరికీ చెప్పాడు. కాదు బావా! మోటారు వేగాన్ని అవసరాన్ని బట్టి మార్చుకుంటుందని దానర్థం. చప్పుడు, కరెంటు తగ్గుతాయి. బ్యాటరీకి దానికి సంబంధం లేదు.

కరెంటు పోవడం అంటే గుర్తొచ్చింది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు పలాస వైపు ఎన్ని రోజులు చీకట్లో ఉన్నారో మనందరికీ తెలుసు. అంత కాకపోయినా గాలివాన వస్తే గంటలు పోవడం మామూలే. ఫ్రంట్ లోడ్ మధ్యలో ఆగితే తలుపు తాళం పడి, లోపల నీళ్ళతో అలాగే ఉండిపోతుంది. కింద ఒక మూల చిన్న మూత ఉంటుంది, దాని వెనక ఫిల్టరు, చాలా మోడళ్ళలో సన్నని పైపు కూడా ఉంటాయి. నీళ్ళు అక్కడి నుంచి వదలాలి. బిగించడానికి వచ్చిన మెకానిక్‌తో అది తీయించి చూసుకోండి.

ఇప్పుడు అసలైన డ్రయ్యర్‌కి వద్దాం. పెన్నూ కాగితం తీసుకోండి.

హీటరుతో పనిచేసే మామూలు డ్రయ్యర్ ఒక లోడుకి మూడు నాలుగు యూనిట్లు కాలుస్తుంది. మూడున్నర అనుకుందాం. వారానికి నాలుగు లోడ్లంటే నెలకి 16, అంటే 56 యూనిట్లు. ఏసీ ఉన్న ఇల్లయితే ఆ నెల బిల్లు 226 యూనిట్ల స్లాబు దాటే ఉంటుంది. 2022 టారిఫ్ ప్రకారం అక్కడ యూనిట్ 8 రూపాయల 75 పైసలు. లెక్క కడితే నెలకి 490 రూపాయలు. ట్రూ అప్ చార్జీలు, అంటే పాత ఖర్చుల లోటు పూడ్చుకోవడానికి కరెంటు సంస్థలు తర్వాత వేసేవి, అవి వేరే.

హీట్ పంపు డ్రయ్యర్ అని ఇంకో రకం ఉంది. ఫ్రిజ్‌లో లాగా కంప్రెసర్ ఉంటుంది, అదే వేడిని మళ్ళీ మళ్ళీ వాడుకుంటుంది. దానికి దాదాపు సగం కరెంటు చాలు, అంటే నెలకి 245 రూపాయలు. వినడానికి బాగానే ఉంది. కానీ మనకి డ్రయ్యర్ నిజంగా కావాల్సింది ఏడాదిలో ఓ నాలుగు నెలలు. నాలుగు నెలల ఆదా 980 రూపాయలు. ధర మాత్రం మామూలు దానికంటే ముప్ఫై వేలు ఎక్కువుందనుకోండి, ఆ డబ్బు తిరిగి రావడానికి ముప్ఫై ఏళ్ళు పడుతుంది. ఏడాదంతా రోజూ వాడే ఇంటికి లెక్క వేరు. మా పిన్ని కూతురు బెంగళూరులో పదకొండో అంతస్తులో ఉంటుంది. బాల్కనీలో బట్టలు ఆరేస్తే అపార్ట్‌మెంట్ వాళ్ళు ఊరుకోరు. పైగా పసిబిడ్డ. తను హీట్ పంపే కొంది, సరైన పనే చేసింది. శ్రీకాకుళంలో డాబా ఉన్న నాకు అది బంగారు తాపడం చేసిన చీపురు.

రెండూ ఒకే డ్రమ్ములో చేసే వాషర్ డ్రయ్యర్ మీద నాకు మోజు ఉండేది, ఒప్పుకుంటాను. బోర్డు మీద 8 కిలోలు, 5 కిలోలు అని రెండు అంకెలు ఉంటాయి. ఉతకడానికి 8, ఆరబెట్టడానికి 5 అన్నమాట. అంటే పూర్తి లోడు ఉతికాక మధ్యలో మీరే వచ్చి మూడు కిలోల బట్టలు బయటికి తియ్యాలి. తియ్యకపోతే అన్నీ ముద్దగా, ముడతలుగా వస్తాయి. ఉతికి ఆరడానికి కలిపి అయిదారు గంటలు పట్టొచ్చు. కొన్ని మోడళ్ళు ఆవిరిని చల్లార్చడానికి కూడా నీళ్ళు వాడతాయి. దానిలో ఏ ఒక్కటి పాడైనా రెండు పనులూ ఆగుతాయి. నలుగురున్న ఇంటికి నేను వద్దంటాను. ఒంటరిగా ఉండే ఉద్యోగికి, చోటు లేని గదికి పనికొస్తుంది.

మరి నేనేం చేస్తున్నానంటారా? 1400 స్పిన్, ఆ పైన అవే బట్టల్ని ఇంకోసారి ఒట్టి స్పిన్, తర్వాత స్టీలు స్టాండు మీద దూరం దూరంగా వేసి ఫ్యాను. మామూలు ఫ్యాను 75 వాట్లు. ఎనిమిది గంటలు తిరిగితే 0.6 యూనిట్, అంటే అయిదు రూపాయల పాతిక పైసలు. రాత్రి వేస్తే తెల్లారేసరికి యూనిఫాంలు రెడీ. జీన్స్ నడుం పట్టీ మాత్రం తడిగానే ఉంటుంది, దానికి ఇస్త్రీపెట్టే గతి.

షాపులో బేరం గురించి రెండు మాటలు. 2025 సెప్టెంబరులో జీఎస్టీ తగ్గింది కదా, ఏసీలకి, పెద్ద టీవీలకి 28 నుంచి 18 శాతానికి. దాన్ని చూపించి "వాషింగ్ మెషిన్‌కి కూడా తగ్గించాం" అన్నవాళ్ళు ఉన్నారు. వాషింగ్ మెషిన్లకి 2018 జులైలోనే 18 చేశారు. అక్కడ కొత్తగా తగ్గిందేమీ లేదు. తగ్గించారంటే అది షాపు డిస్కౌంటు, ఇంకాస్త అడగొచ్చు.

'మోటారు మీద పదేళ్ళ వారంటీ' అన్నది కూడా అంతే. మోటార్లు అంత తొందరగా పోవు. పోయేవి మెషిన్‌ని నడిపించే పీసీబీ అనే సర్క్యూట్ బోర్డు, నీళ్ళు బయటికి తోసే డ్రెయిన్ పంపు, లోపలికి నీళ్ళు వదిలే వాల్వు. వాటికి ఎన్నేళ్ళో అడగండి. మెకానిక్ మన ఊళ్ళోనే ఉన్నాడా, విశాఖపట్నం నుంచి రావాలా అన్నది అంతకంటే ముఖ్యం. ఇంకా, అడుగున ఎలక జాలీ ఉందో లేదో వంగి చూడండి. ఎలకలు వైర్లు కొరికితే వారంటీ రాదంటారు. మా వీధిలో ఇద్దరికి అదే జరిగింది.

అమ్మ చీరల గురించి చెప్పకపోతే అమ్మ ఊరుకోదు. పొందూరు ఖద్దరు ఎంత మంచి మెషిన్ అయినా అందులో వెయ్యకండి, వేడి డ్రయ్యర్ దగ్గరికి అసలు తీసుకెళ్ళకండి, కుదించుకుపోతుంది. గంజి కూడా బకెట్టులోనే. డ్రమ్ములో పెడితే రబ్బరు మడతల్లో అంటుకుని రెండు రోజులకి పులిసిన వాసన వస్తుంది.

అక్క ఆ 19 వేల మెషిన్ ఇంకా వాడుతోంది. ఉతకడం బాగానే ఉతుకుతుంది పాపం. మొన్న ఫోన్ చేసి "దీని పక్కన విడిగా డ్రయ్యర్ కొననా?" అని అడిగింది. ముందు ఓ స్టాండు కొనమన్నాను, పన్నెండు వందలు. డిసెంబరు దాకా చూసి అప్పటికీ కావాలంటే 16 ఆంపియర్ల ప్లగ్గు, ఎర్తింగు సరిచేయించుకుని మామూలు రకమే తీసుకోమన్నాను. దాని చెమ్మ గాలి వదిలే గొట్టం కిటికీ బయటికి పెట్టాలి, లేకపోతే బట్టల్లో చెమ్మంతా గది గోడలకి పడుతుందని కూడా చెప్పాను.

అదిగో, కూత పెట్టింది. స్పిన్ అయిపోయింది. ఫ్యాను కింద లుంగీలు తీసి చోటు చెయ్యాలి, ఉంటాను.